‘మనోడే’ అంటే సరిపోతుందా?

హైదరాబాద్‌లో ప్లాటు కొని చిక్కుల్లో పడ్డవాళ్లనో, చిట్టీ కట్టి మునిగినవాళ్లనో ‘అసలు ఏం చూసి ఇచ్చారండీ?’ అని అడిగి చూడండి. మాటలు వేరైనా జవాబు ఒకటే ఉంటుంది. ‘తెలిసినాయనే’, ‘మా ఊరాయనే’, ‘మా బామ్మర్ది చెప్పిండు’, ‘మనోడే కదా అని’. కాగితాలు చూశామనేవాళ్లు కొద్దిమంది. ఆ కాగితాలు తెచ్చి చూపించింది కూడా ఆ మనోడే.

దీన్ని అమాయకత్వం అని తీసిపారేయడం తేలిక. కానీ ఇది తరతరాల అనుభవం నేర్పిన లెక్క. ఊళ్లో మాట తప్పినవాడు మర్నాడు అదే చెరువుగట్టు మీద ఎదురవుతాడు. వాళ్లింటి పెళ్లి సంబంధం దగ్గరో, పొలానికి నీటి వంతు దగ్గరో ఆ తప్పిన మాట మళ్లీ లేస్తుంది. కాబట్టి మనోడు అంటే చుట్టం అని మాత్రమే కాదు, మొహం చాటేసి బతకడం కుదరనివాడు అని కూడా. పైకి కనిపించని పూచీ అది. గల్లీలో కిరాణా కొట్టు నడిపే ఆయన ఉద్దెర ఇచ్చేటప్పుడు వేసే లెక్క కూడా ఇదే. ఈ మనిషి ఎంత మంచివాడు అని కాదు, ఈ గల్లీ వదిలి ఎక్కడికి పోతాడు అని. గోడ మీద ‘అరువు రేపు’ అని రాసిపెట్టిన కొట్లోనే, ఎరిగినవాళ్ల కోసం లోపల ఉద్దెర పుస్తకం ఉంటుంది.

నగర జనాభా కోటి దాటేసరికి ఆ పూచీ పోయింది. మాట మాత్రం మిగిలిపోయింది. మియాపూర్‌లో ఉండే మనోడు శంకర్‌పల్లి వైపు ప్లాటు అమ్మి, ఫోన్ నంబరు మార్చి, ఇల్లు ఖాళీ చేస్తే అతన్ని వెతుక్కోవడానికి చెరువుగట్టు లేదు. అయినా మనం అతనికి ఊళ్లో ఇచ్చినంత నమ్మకమే ఇస్తున్నాం. హైదరాబాద్‌లో నమ్మకానికి వచ్చిన అసలు చిక్కు ఇక్కడుంది. నమ్మకం తగ్గిపోయిందని అందరూ బాధపడతారు కానీ, తగ్గిపోవడం కన్నా తప్పు గుర్తులు చూసి నమ్మడం వల్ల జరుగుతున్న నష్టమే ఎక్కువ.

ఈ సంగతి విడమరిచి చూడటానికి మన వాడుకలోనే ఒక పాత మాట ఉంది: ఆప్తుడు. ఇవాళ ఆప్తుడంటే బాగా దగ్గరివాడు, కష్టంలో పక్కన నిలిచేవాడు. సంస్కృతంలో కూడా ఆ అర్థం ఉంది. కానీ భారతీయ తర్కశాస్త్రంలో ఆ మాటకు మరో అర్థం, చాలా నిక్కచ్చి అర్థం ఉంది. గౌతముడి న్యాయసూత్రాలు మనిషికి జ్ఞానం కలిగే దారులు నాలుగు అంటాయి. కళ్లారా చూడటం, ఊహించి తేల్చడం, పోలికతో తెలుసుకోవడం, నాలుగోది ఆప్తుడు చెప్పగా వినడం. అంటే ఇంకొకరి మాట నమ్మడం బలహీనత కాదు, అది జ్ఞానానికి ఒక రాజమార్గం అని ఆ పెద్దలు ఒప్పుకున్నారు. నిజమే. మన పుట్టినరోజు మనకు ఎవరో చెబితేనే తెలిసింది. మందు సీసాలో ఏముందో లేబుల్ చెబితేనే తెలుస్తుంది. ఒక రోజులో మనకు తెలిసే సంగతుల్లో సొంతంగా పరీక్షించి తెలుసుకునేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మరి ఆప్తుడు ఎవరు? ఆ సూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు రెండు షరతులు పెట్టాడు. ఒకటి, చెప్పే విషయం ఆ మనిషికి నేరుగా తెలిసి ఉండాలి. రెండు, తెలిసినదాన్ని తెలిసినట్టే చెప్పాలన్న కోరికతో చెప్పాలి. అంతే. కులం, ఊరు, చుట్టరికం ఆ లెక్కలో లేవు. పైగా ఆయన ఇంకో మాట కలిపాడు: ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా ఈ లక్షణం సమానమే. పరాయివాడని అందరూ దూరం పెట్టే మనిషి కూడా ఆ రెండూ ఉంటే ఆప్తుడే. ఆ రెండూ లేకపోతే సొంత అన్న కూడా ఆ విషయంలో ఆప్తుడు కాడు. పదిహేను వందల ఏళ్లకు పైబడిన ఈ మాటలో ఉన్న సమానత్వం ఇవాళ్టి మన నగరంలో ఇంకా రాలేదు.

ఈ రెండు షరతులూ పట్టుకుని ప్రీ-లాంచ్ ఫ్లాట్ల వ్యవహారం చూద్దాం. హైదరాబాద్‌లో ఎన్నో మధ్యతరగతి కుటుంబాల జీవితకాలపు పొదుపు ఇందులోనే ఇరుక్కుంది. అనుమతులు ఇంకా రాలేదు, భవనం ఇంకా కాగితం మీదే ఉంది. ఇప్పుడే మొత్తం డబ్బు కట్టేస్తే మార్కెట్ రేటు కన్నా బాగా తక్కువకు ఇస్తాం అంటారు. కొన్ని చోట్ల ఫ్లాటు బదులు స్థలంలో విభజించని వాటా, అంటే యూడీఎస్, రాసిస్తారు. ఈ కబురు కొనేవాడికి చేరేది ఎక్కువగా ఒక చుట్టం ద్వారానో, ఆఫీసు స్నేహితుడి ద్వారానో.

ఆ చుట్టానికి ఆ స్థలం మీద కేసులున్నాయో లేదో, అది చెరువు ఎఫ్‌టీఎల్, అంటే నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు, పరిధిలోకి వస్తుందో లేదో నేరుగా తెలుసా? చాలాసార్లు తెలియదు. మొదటి షరతు పోయింది. తెలిసింది తెలిసినట్టు చెప్పాలన్న కోరికకు కమీషన్ అడ్డం వస్తుంది. రెండోదీ పోయింది. ఇక్కడ ఆగి ఒక న్యాయమైన మాట అనుకోవాలి. అలా చెప్పిన చుట్టం ప్రతిసారీ మోసగాడు కాడు. చాలాసార్లు అతనూ అందులోనే డబ్బు పెట్టి ఉంటాడు. మనస్ఫూర్తిగా నమ్మి, నాలుగు రూపాయలు మనవాళ్లకూ మిగలాలనే చెప్పి ఉంటాడు. అతని నిజాయితీని శంకించక్కర్లేదు. కానీ నిజాయితీ సగమే. విషయం తెలియని నిజాయితీపరుడు మోసగాడి కన్నా ఎక్కువ మందిని నమ్మించగలడు, ఎందుకంటే అతని కళ్లలో అబద్ధం కనిపించదు.

2016లో వచ్చిన రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ, చట్టం ఈ వ్యవహారాన్ని పట్టుకున్న తీరు గమనించదగ్గది. 500 చదరపు మీటర్లు దాటిన స్థలమైనా, ఎనిమిది దాటిన ఫ్లాట్లైనా రెరాలో రిజిస్టర్ చేయకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా ధరలో పది శాతం మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. కొనేవాళ్లు కట్టిన డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే తెరిచిన ప్రత్యేక ఖాతాలో ఉండాలి. పని ఎంత అయితే అంతే, అదీ ఇంజనీరు, ఆర్కిటెక్ట్, చార్టర్డ్ అకౌంటెంట్ ధృవీకరించాకే, బయటికి తీయాలి. ఈ నిబంధనల్లో ఒక్కటి కూడా బిల్డర్ మంచివాడా కాదా అని అడగదు. డబ్బు ఎక్కడుంది, ఎవరు చూస్తున్నారు అని మాత్రమే అడుగుతుంది. ప్రీ-లాంచ్‌లో డబ్బు కట్టినవాళ్లు వదులుకున్నది సరిగ్గా దీన్నే.

ఇలాంటిదే ఇంకో పొరపాటు ‘రిజిస్ట్రేషన్ అయిపోయింది కదా’ అనే ధీమా. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద సబ్-రిజిస్ట్రార్ ఆఫీసు చేసేది దస్తావేజును నమోదు చేయడం. అమ్మినవాడికి ఆ భూమి మీద నిజంగా హక్కు ఉందని ప్రభుత్వం హామీ ఇచ్చినట్టు కాదు. ఒకే ప్లాటు ఇద్దరికి రిజిస్టర్ కావడం అందుకే సాధ్యమవుతుంది. ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపించే ఈసీ తీసి చూడటం, ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు వరసగా కలుస్తున్నాయో లేదో వకీలుకు చూపించడం, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందేమో వెతకడం, ఇవన్నీ కొనేవాడి నెత్తినే పడతాయి. ప్రభుత్వ ముద్ర చూసి నమ్మిన మనిషిని తప్పుపట్టలేం. ముద్ర దేనికి వేశారో, దేనికి వేయలేదో అతనికి ఎవరూ విడమరిచి చెప్పలేదు.

నమ్మకం తప్పుదారి పట్టడం చదువులేనివాళ్ల సమస్య అనుకునేవాళ్లకు ఈ నగరమే పెద్ద ఉదాహరణ చూపించింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ బి. రామలింగరాజు రాసిన లేఖ బయటికొచ్చింది. కంపెనీ లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని ఆయనే ఒప్పుకున్నారు. ఆ ఒక్కరోజే షేరు ధర నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయింది. అంతకు కొన్ని నెలల ముందే ఆ కంపెనీకి మంచి కార్పొరేట్ పాలనకు గాను అంతర్జాతీయ అవార్డు వచ్చింది. తర్వాత దాన్ని వెనక్కి తీసుకున్నారు. తెలుగువాళ్లకు సత్యం ఒక కంపెనీ మాత్రమే కాదు, మనోడు ప్రపంచాన్ని గెలిచాడన్న గర్వం. ఆ రోజు చాలా ఇళ్లలో పోయింది షేర్ల డబ్బు ఒక్కటే కాదు.

అక్కడ సరిగ్గా ఏ ముడి తెగింది? ఆడిటర్లు కంపెనీ నిల్వలను బ్యాంకులను నేరుగా అడిగి నిర్ధారించుకోవాలి. ఆ లేఖలు పంపడం, జవాబులు తెప్పించుకోవడం రెండింటినీ కంపెనీ మేనేజ్‌మెంటుకే వదిలేశారని 2011లో అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ తేల్చింది. చూడాల్సినవాడు తాను చూడకుండా చూపించినదాన్నే చూశాడు. గల్లీలో ప్లాటు కాగితాలు మనోడే తెచ్చి చూపించడానికీ, దీనికీ పెద్ద తేడా లేదు. ఆ యాభై వేలకు పైగా ఉద్యోగుల కంపెనీ కూలకుండా నిలబడటానికి కారణం కూడా ఎవరి మీదో కొత్తగా పుట్టిన నమ్మకం కాదు. ప్రభుత్వం కొన్ని రోజుల్లోనే పాత బోర్డును తీసేసి కొత్తవాళ్లను పెట్టింది, ఏప్రిల్‌కల్లా బహిరంగ వేలంలో టెక్ మహీంద్రా చేతికి అది వెళ్లింది.

నమ్మడానికీ, ఆధారపడటానికీ మధ్య తేడాను న్యూజిలాండ్‌లో పుట్టిన తత్వవేత్త ఆనెట్ బేయర్ 1986లో బాగా పట్టుకుంది. జర్మన్ తత్వవేత్త కాంట్ రోజూ ఒకే వేళకు షికారు వెళ్లేవాడని, ఇరుగుపొరుగు దాన్ని బట్టి గడియారం సరిచేసుకునేవారని కథ. ఒకరోజు ఆయన రాకపోతే వాళ్లకు ఇబ్బంది కలుగుతుంది, ద్రోహం జరిగినట్టు అనిపించదు. మన అనుభవంలోకి తెచ్చుకుంటే, అమీర్‌పేటలో మెట్రో పది నిమిషాలు ఆగితే చిరాకు పడతాం. ఆపరేషన్ రోజు వస్తానన్న స్నేహితుడు ఫోన్ కూడా చేయకపోతే మనసు విరిగిపోతుంది. రైలు మీద ఆధారపడ్డాం, స్నేహితుణ్ణి నమ్మాం. నమ్మడమంటే మనల్ని గాయపరచగల చోటును ఎదుటివాడి చేతిలో పెట్టి, అతను అక్కడ కొట్టడని అనుకోవడం. బిడ్డను ఆయా చేతిలో పెట్టే తల్లి, మత్తు మందు ఎక్కించుకునే రోగి, జీతం మొత్తం భార్య చేతికిచ్చే మనిషి చేస్తున్నది అదే.

అందుకే మోసపోయినవాడికి డబ్బు పోయిన బాధ కన్నా వేరే బాధ ఒకటి ఉంటుంది. దాన్ని మనం గుర్తించం, పైపెచ్చు రెట్టింపు చేస్తాం. ‘డిజిటల్ అరెస్ట్’ పేరుతో జరిగే మోసాల్లో ఇది బాగా కనిపిస్తుంది. మీ పేరున వచ్చిన పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయని, పోలీసులమనో సీబీఐ అనో చెప్పి, వీడియో కాల్‌లో యూనిఫాం చూపించి, గంటల తరబడి కదలనివ్వకుండా డబ్బు బదిలీ చేయించుకుంటారు. డిజిటల్ అరెస్ట్ అన్నది ఏ చట్టంలోనూ లేదు. బాధితుల్లో రిటైరైన అధికారులు, డాక్టర్లు, టీచర్లు కూడా ఉంటారు. జీవితమంతా వ్యవస్థను గౌరవించినవాళ్లు యూనిఫాం చూడగానే బెదరడంలో వింతేముంది? అలాంటివాళ్లను ఇంట్లోవాళ్లే ‘ఇంత చదువుకున్నావ్, ఆ మాత్రం తెలీదా’ అంటారు. ఆ మాటకు భయపడే చాలామంది ఎవరికీ చెప్పరు. డబ్బు చేతులు మారిపోకముందే, మొదటి గంటల్లోనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే దాన్ని ఆపగలిగే అవకాశం ఎక్కువ. సిగ్గు ఆ గంటల్ని మింగేస్తుంది. మోసపోయినవాణ్ణి నిందించే అలవాటు మోసగాడికి అందే ఉచిత సాయం.

ఇక రెండో వైపు. మనోడని తగని నమ్మకం ఇచ్చే సమాజమే, మనోడు కాదని తగిన నమ్మకాన్ని నిరాకరిస్తుంది. టులెట్ బోర్డు చూసి ఇంట్లోకి వెళ్లినవాళ్లను ఉద్యోగం, జీతం అడిగాక, నీళ్లిచ్చి మెల్లగా అడిగే ప్రశ్న ఇప్పటికీ ఉంది: ‘ఇంతకీ మీరేవిట్లు?’ జవాబును బట్టి ఇల్లు అప్పుడే వేరేవాళ్లకు మాట ఇచ్చేసినట్టు గుర్తొస్తుంది. పేరు చెప్పగానే ప్రశ్న కూడా అవసరం లేకుండా పోయేవాళ్లున్నారు. అద్దె సమయానికి కడతారా, ఇల్లు శుభ్రంగా ఉంచుతారా అన్నవాటికీ, అడిగిన ప్రశ్నకూ ఏ సంబంధమూ లేదు. ఎవరిని నమ్మకూడదో వృత్తిని బట్టి చెప్పే అలవాటు మనకు పాతదే. సుంకరిని, జూదరిని నమ్మొద్దన్న శతక పద్యం ఎడమచేతి వాటం మనిషిని కూడా అదే జాబితాలో చేర్చింది. ఆ మనిషి ఏం తప్పు చేశాడు? ఏమీ లేదు. ఏమీ చేయకముందే అపనమ్మకానికి గురికావడం ఎంత బరువో, రోజూ దాన్ని మోసేవాళ్లకే తెలుసు.

పొద్దున్నే కూడలిలో నిలబడే అడ్డా కూలీని చూస్తే ఈ తూకం ఎంత వంకరగా ఉందో అర్థమవుతుంది. ముక్కూమొహం తెలియని మేస్త్రీ బండెక్కమంటే ఎక్కుతాడు. సాయంత్రం కూలి ఇస్తాడని ముందు తన రోజంతా ఇచ్చేస్తాడు. కాగితం లేదు, అడ్వాన్స్ లేదు. ఈ నగరంలో అందరికన్నా ఎక్కువ నమ్మేది అతనే, అందరికన్నా తక్కువ నమ్మకం దొరికేదీ అతనికే. పనిమనిషి కూడా అంతే. ఇంటి తాళం ఆమె చేతిలో ఉంటుంది, పసిబిడ్డ ఆమె ఒడిలో ఉంటుంది. అయినా కొన్ని అపార్ట్‌మెంట్లలో వెళ్లేటప్పుడు ఆమె సంచీ గేటు దగ్గర తెరిచి చూపించాలి. తెలుగులో అప్పు పుట్టే శక్తికీ, పలుకుబడికీ కలిపి ‘పరపతి’ అని ఒకే మాట ఉండటం యాదృచ్ఛికం కాదేమో.

పరపతి లేనివాళ్లు తమకోసం తాము కట్టుకున్న వ్యవస్థ చిట్టీ. లెక్క సులువు. ఇరవై మంది నెలకు ఐదేసి వేలు వేస్తే లక్ష. ఆ నెల అవసరం గట్టిగా ఉన్నవాళ్లు పాట పాడతారు. ఒకరు ఎనభై వేలకే తీసుకుంటానంటే, వదులుకున్న ఇరవై వేలలో నడిపే వ్యక్తి కమీషన్ ఐదు వేలు పోగా, మిగిలిన పదిహేను వేలు అందరికీ సమానంగా పంచితే తలా 750. ఆ నెల ఒక్కొక్కరు కట్టేది 4,250. బ్యాంకు గడప తొక్కనివాళ్లకు ఇది అప్పూ, పొదుపూ కలిసిన ఏర్పాటు. ఇదంతా నిలబడేది ఒకే ఒక్క ఆశ మీద: ముందే చిట్టీ ఎత్తుకున్నవాళ్లు చివరి నెల దాకా కట్టడం ఆపరు. గల్లీ చిట్టీల్లో అలా కట్టేవాళ్లే ఎక్కువ. అది గొప్ప సంగతి. రోజు కూలీతో బతికే ఆడవాళ్లు ఇరవై నెలలు మాట నిలబెట్టుకోవడం గురించి ఏ పత్రికా రాయదు.

కానీ నడిపే ఆవిడే ఒక రాత్రి ఇల్లు ఖాళీ చేస్తే? 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ఈ ప్రశ్నకే జవాబు. చిట్టీ నడిపేవాళ్లు ముందుగా రిజిస్ట్రార్ అనుమతి తీసుకోవాలి, పూచీకత్తు పెట్టాలి, కమీషన్ పరిమితి దాటకూడదు. 2019 సవరణతో ఆ పరిమితి ఐదు శాతం నుంచి ఏడు శాతానికి పెరిగింది. పాట ఎత్తుకున్నవాళ్లను షూరిటీ అడగడం ఎప్పుడూ ఉంది. నడిపేవాళ్లను కూడా షూరిటీ అడగాలన్నది ఈ చట్టం తెచ్చిన తేడా. రిజిస్టర్ కాని చిట్టీలో ఆ రెండో వైపు ఖాళీ. బ్యాంకుల్లోనూ ఇదే సూత్రం. 2000ల మొదట్లో హైదరాబాద్‌లో కృషి, చార్మినార్ వంటి సహకార బ్యాంకులు కూలినప్పుడు డిపాజిట్ బీమా లక్ష రూపాయలే. అంతకు మించి దాచుకున్నవాళ్లు ఏళ్ల తరబడి తిరిగారు. 2020 ఫిబ్రవరి నుంచి ఆ బీమా ఐదు లక్షలైంది.

నమ్మకం పెంచండి అని పిలుపునివ్వడంలో అర్థం లేదని బ్రిటిష్ తత్వవేత్త ఒనోరా ఓనీల్ 2002లో బీబీసీ రీత్ ఉపన్యాసాల్లో వాదించింది. నమ్మదగినవాళ్లను నమ్మాలి, తగనివాళ్లను నమ్మకూడదు, ఏది ఏదో తెలుసుకునే వీలు జనానికి ఉండాలి. ఇది నిజమే కానీ, ఆ వీలును నిఘాతో గందరగోళపరుస్తున్నాం. పిల్లల ఫోన్‌లో లొకేషన్ పెట్టి, భార్యాభర్తలు ఒకరి చాట్ ఒకరు చదివి, గల్లీకి పది కెమెరాలు బిగించి నమ్మకం వచ్చిందంటున్నాం. అన్నీ కనిపిస్తున్నప్పుడు నమ్మాల్సిన అవసరమే మిగలదు. పైగా కెమెరా ఒకవైపే చూస్తుంది. పెద్దవాళ్ల ఫోన్ పిల్లలకు కనిపించదు, యజమాని సంచీని గేటు దగ్గర ఎవరూ తెరవరు.

ఇద్దరూ చూసుకునే ఏర్పాటు వేరేగా ఉంటుంది. దాన్ని ఎక్కడో వెతకనక్కర్లేదు. ఉద్దెర ఇచ్చే కొట్లో ఒక పుస్తకం, కొనేవాళ్లింట్లో ఒక చిన్న పుస్తకం ఉండేవి. సరుకు తెచ్చిన ప్రతిసారీ రెండింట్లోనూ రాసేవారు. పాలు పోసే ఇళ్లలో ఇప్పటికీ వంటింటి క్యాలెండర్ మీద పాలు రాని రోజుకు గృహిణి సున్నా చుడుతుంది. ఆయన తన డైరీలో రాసుకుంటాడు. ఒకటో తారీఖున గుమ్మం దగ్గర నిలబడి ఇద్దరూ సున్నాలు లెక్కపెడతారు. ఒకటి తేడా వస్తే ‘ఆ రోజు బంద్ ఉండె కదమ్మా’ అని ఆయన గుర్తుచేస్తాడు, ఆమె ఒప్పుకుంటుంది. ఇద్దరిలో ఎవరూ దాన్ని అనుమానం అనుకోరు.